బోసినోటి క్లార్నెట్

మా బాపు సుందర్ రావుకు ముందరి పండ్లు పోయింది కొట్లాటలో కాదు, రోగంతో కాదు. ఒక పెండ్లికొడుకు మేనమామ సంతోషం పట్టలేక ఎగిరితే పోయాయి.

అదెట్లాగో తెలియాలంటే మా బాపు నడిచే తీరు చెప్పాలి. వరంగల్‌లో బ్యాండు పార్టీలకు కొదువ లేదు. మాస్టర్లందరూ బరాత్‌లో ముందుకు చూసే నడుస్తారు. మా బాపు వెనక్కి నడిచేవాడు. వీపు రోడ్డుకు, ముఖం తన మనుషులకు. నోట్లో క్లార్నెట్, కండ్లు అందరి మీద. ట్రంపెట్ వాడు ఊపిరి ఎక్కడ దాచుకుంటున్నాడు, సైడు డ్రమ్ము వాడు ఏ డాబా మీదికి చూస్తూ తాళం తప్పుతున్నాడు, అంతా ఆయనకు కనపడాలి. ఎవరైనా తప్పు ఊదితే పెండ్లివాళ్ళ ముందరే వాడి టోపీ మీద ఒక్కటి వేసి, గట్టిగా నవ్వి, మళ్ళీ పాట అందుకునేవాడు. పాట తెగేది కాదు. చూసేవాళ్ళు అది కూడా తమాషాలో భాగమే అనుకునేవాళ్ళు.

డెబ్భై తొమ్మిదిలో, మాఘమాసం పెండ్లిళ్ళ కాలంలో, స్టేషన్ రోడ్డు మీద ఒక బరాత్. పెండ్లికొడుకు మేనమామది నర్సంపేట. ఆ పొద్దే పత్తి అమ్ముకొని వచ్చాడు, వస్తూ వస్తూ ఇంకో చోట కూడా ఆగి వచ్చాడు. ఆయన, వెనక్కి నడుస్తున్న బాపుకు కనపడకుండా పక్కకు వచ్చి, చేతులు రెండూ గాల్లోకి లేపి గిర్రున తిరిగితే మోచెయ్యి వచ్చి క్లార్నెట్ కింది గిన్నెకు తగిలింది. క్లార్నెట్ పైకి లేచింది. మా బాపు పై పండ్లు నాలుగు లోపలికి పోయాయి.

పెద్ద డ్రమ్ము కొట్టే రాజమల్లుకు ఆ డ్రమ్ము అడ్డముండి ఏదీ కనపడదు. మాస్టర్ కింద కూలబడినా ఆయన పాట ఆఖరు దాకా కొట్టాడు. మేనమామ మాత్రం ఆగాడు. ఆగి, "నా మోచెయ్యి చూడు, ఎట్ల వాచిందో!" అని మా బాపునే తిట్టాడు.

దవాఖానలో డాక్టరు కుట్లు వేసి లేచేసరికి బాపు నోరంతా దూది. ఆ దూదిలోంచి నన్ను అడిగిన మొదటి మాట, "క్లార్నెట్ పలిగిందా?"

"లేదు బాపూ. మంచిగనే ఉన్నది."

"గట్లయితే ఫికర్ లేదు" అన్నాడు. అన్న తర్వాతే నొప్పికి మూలిగాడు.

ఫికర్ ఎంత ఉందో వాపు దిగినంక తెలిసింది. క్లార్నెట్ ఊదేవాళ్ళు కింది పెదవిని పండ్ల మీదికి మడిచి, పై పండ్లను మౌత్‌పీసు మీద ఆనిస్తారు. అక్కడ పట్టు ఉంటేనే సుర్, అంటే స్వరం, నిలుస్తుంది. బాపుకు ఆ పట్టు పోయింది. ఊదితే గాలి పక్కల నుంచి పోయి, ఎవరో సైకిల్ ట్యూబు విప్పినట్టు చప్పుడు వచ్చింది. ఇంకా గట్టిగా ఊదితే కీచుమంది. మా శివనగర్ గల్లీలో కుక్కలు లేచి నిలబడ్డాయి.

మామూలు రోజులైతే ఆ యాడాదికి సీజను పోయిందనుకొని ఊరుకునేవాళ్ళం. కానీ వేసవిలో మా అక్క లిదియా పెండ్లి పెట్టుకున్నాం. మా చర్చివాళ్ళలో పెండ్లికూతురిని ఇంటి నుంచి చర్చి దాకా బ్యాండుతో తీసుకుపోతారు. బ్యాండు మాస్టర్ బిడ్డ అయితే తండ్రే ముందుండి ఊదాలి. అట్లా రాసిపెట్టింది ఎక్కడా లేదు గానీ, బాపుకు క్లార్నెట్ నేర్పిన మా తాత తన బిడ్డ, అంటే మా మేనత్త పెండ్లికి ఊదాడు. దగ్గుతూ దగ్గుతూ ఊదాడట. ఆ కథ మా ఇంట్లో అన్నం ముందర చేసే ప్రార్థనంత తరచుగా వినపడేది. లిదియా పుట్టిన దగ్గరి నుంచి బాపు, "నా బిడ్డను నేనే ఊదుకుంట తీస్కపోత" అని వరంగల్ అంతా చెప్పిపెట్టాడు.

అది చాలదన్నట్టు, పెండ్లికొడుకు కృపానందానిది తొర్రూరు. తొర్రూరు అంటే వెంకట్రాజం. ఆయన కూడా బ్యాండు మాస్టరే, క్లార్నెట్టే. వెనక ఒకసారి ఎదుర్కోలులో మా బాపు ఆయనను ఊపిరాడకుండా చేశాడు. ఎదుర్కోలు అంటే మగపెండ్లివారు, ఆడపెండ్లివారు దారిలో ఎదురుబొదురు నిలబడి, మీరు ముందుకు రండంటే మీరు ముందుకు రండని పంతం పట్టే తంతు. రెండు దిక్కులా బ్యాండులుంటే పంతం వాళ్ళ చేతుల్లోకి పోతుంది. ఎవరి పాట ముందు ఆగితే వాళ్ళ మనుషులు అడుగు ముందుకు వెయ్యాలి. ఆనాడు వెంకట్రాజం పాట ఆగింది. బాపు ఆయన దిక్కు చూసి, పండ్లన్నీ కనపడేటట్టు నవ్వాడు. ఇప్పుడు అదే వెంకట్రాజం మగపెండ్లివాళ్ళ బ్యాండుతో మా చర్చి ముందరికి వస్తున్నాడు.

ముందు కట్టుడు పండ్లు పెట్టించాం. పండ్ల డాక్టరు అద్దం చేతికిచ్చి, "సినిమా యాక్టర్ లెక్కున్నవ్" అన్నాడు. బాపు అద్దంలో చూసుకొని ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం మా వాకిట్లో రిహార్సల్. అందరూ వచ్చారు. బాపు క్లార్నెట్ నోట్లో పెట్టుకొని, చాతీ నింపుకొని ఊదాడు. సెట్టు ఊడి మౌత్‌పీసు మీదుగా ఎగిరి పెద్ద డ్రమ్ము మీద పడింది. టక్కుమంది. రాజమల్లు దాన్ని తాళం అనుకొని రెండు దెబ్బలు వేశాడు. రెండో దెబ్బకు ఆ పండ్లు మళ్ళీ ఎగిరాయి.

ఎవరూ నవ్వలేదు. అదే బాపుకు ఎక్కువ బాధయింది. ఆయన ముందర నవ్వాలంటే వాళ్ళకు భయం. లోపల ఎంత నవ్వుతున్నారో ఆయనకు తెలుసు, ఎందుకంటే వాళ్ళ స్థానంలో ఉంటే తను అంతకంటే ఎక్కువ నవ్వేవాడు. పండ్లు ఏరుకొని, తుడుచుకొని, క్లార్నెట్ పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"అయిపోయింది. ఇగ అందరు ఇండ్లకు పోండ్రి."

సీజను మాత్రం మా కోసం ఆగదు కదా. రాజమల్లు పోయి ఎల్లస్వామిని తీసుకొచ్చాడు. ఎల్లస్వామి గూడ్స్ షెడ్డులో హమాలీ. ముప్పై ఏండ్లుంటాయి. వెనక బాపు దగ్గరే క్లార్నెట్ నేర్చుకున్నాడు. ఒక పెండ్లిలో తప్పు ఊది, టోపీ మీద దెబ్బ తిని, ఆనాటి నుంచి మళ్ళీ గడప తొక్కలేదు. ఇప్పుడు వేరే దిక్కు లేదు కాబట్టి ఆయనే ముందు నడిచే మాస్టర్ అయ్యాడు. ముందుకే నడిచాడు, భయంభయంగా.

బరాత్‌లు మా గల్లీ చివర నుంచి పోతుంటే బాపు ఇంట్లో ఉండి వినేవాడు. ఒకనాడు ఆయన స్నానం చేస్తున్నాడు. ఎల్లస్వామి ఎక్కడో తప్పాడు. తడక వెనక నుంచి బాపు, "వేలు తియ్యిరా! కింది వేలు తియ్యి!" అని అరిచాడు. తడక అవతల కట్టెలు కొడుతున్న మనిషి భయపడి తన వేలు చూసుకున్నాడు.

అప్పటికి నేను బి.ఏ. ప్యాసై, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజీలో పేరు రాయించుకొని ఇంట్లో ఉన్నాను. మా ఇంటి పేరుతో డిగ్రీ చూసిన మొదటి మనిషిని నేనే. కాబట్టి ఇంట్లో ఎవరికి కష్టమొచ్చినా నాలుగు మంచి మాటలు చెప్పడం నా బాధ్యత అనుకునేవాణ్ని. ఒక పొద్దున బాపు పక్కన కూర్చొని, కష్టాల వల్ల మనిషి ఎట్లా ఎదుగుతాడో, చరిత్రలో ఎందరు గొప్పవాళ్ళు దెబ్బలు తిని పైకొచ్చారో చాలాసేపు చెప్పాను. మంచి ఉదాహరణలే చెప్పాను. బాపు నోటికి దస్తీ గుడ్డ అడ్డం పెట్టుకొని అంతా విన్నాడు. పండ్లు పోయిన దగ్గరి నుంచి ఆ దస్తీ ఆయన నోటి ముందర నుంచి తీయలేదు.

"అయిపోయిందా, బీఏ సాబ్?"

"అయిపోయింది బాపూ."

"వాళ్ళందరికి పండ్లున్నయా?"

"ఉండే ఉంటయ్."

"గందుకే ఎదిగిండ్రు" అని అటు తిరిగి పడుకున్నాడు.

లిదియా అక్క నా లెక్క ఉపన్యాసం ఇవ్వలేదు. అమ్మను మేం అవ్వ అంటాం. పెండ్లి చీర కోసం బజారుకు పోదామని అవ్వ అంటే, "ఎందుకు? బాపు ఊదడట గదా" అంది.

"ఆయన ఊదకుంటే నువ్వు చీర కట్టవా?" అంది అవ్వ.

"కట్టుకుంట. కట్టుకొని గీ మంచంల కూసుంట. ఊదుకుంట తీస్కపోత అన్నది ఆయన. తీస్కపోకుంటె నేనెట్ల పోవాలె? రిక్షాల పోవాల్నా? తొర్రూరోళ్ళు ఏమనుకుంటరు?"

"నేను బోసినోటితోటి ఆ వెంకట్రాజం ముంగట నిలవడి ఇజ్జత్ తీసుకోవాల్నా?" అని బాపు దస్తీలోంచి అరిచాడు.

"ఇజ్జత్ నీ పండ్లల్ల ఉన్నదా?"

"ఉండె! నాలుగిట్ల ఉండె!"

ఈ గొడవ జరుగుతుంటే పక్కింటి సోమక్క మనవడిని చంకనేసుకొని మా గడపలో కూర్చొని చూస్తున్నది. మా ఇంట్లో గొడవ ఆమెకు రేడియో కంటే ఇష్టం. పిల్లవాడు పాలసీసా నోట్లో పెట్టుకొని చప్పరిస్తున్నాడు. మా అవ్వ దీనమ్మ పొయ్యి ముందర నుంచి లేచి వచ్చి నడుముకు చేతులు పెట్టుకుంది. ఆమె ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే అందరూ ఆగుతారు.

"ఏందయ్యా, పొద్దున లేస్తె పండ్లు లేవు, పండ్లు లేవు! గీ పిలగానికి ఎన్నున్నయ్? జర ఆ సీసా గుంజు, చూస్త. ఇస్తడేమో."

"పిచ్చి లేసిందా నీకు?"

"గుంజు!"

అవ్వ చెప్పింది కాబట్టి బాపు పోయి సీసా పట్టుకొని లాగాడు. రాలేదు. ఇంకా కొంచెం లాగాడు. సీసాతో పాటు పిల్లవాడి తల ముందుకొచ్చింది గానీ సీసా మాత్రం రాలేదు. పిల్లవాడు బాపు కండ్లలోకి చూస్తూనే చప్పరిస్తున్నాడు.

"అయ్యో, నా మనవని మెడ వడతది సుందరన్నా!" అని సోమక్క లొల్లి పెట్టింది.

బాపుకు ఆ లొల్లి వినపడలేదు. వంగి, పిల్లవాడి మూతి దగ్గరికి ముఖం పెట్టి చూస్తున్నాడు. పై పెదవి, కింది పెదవి రెండూ లోపలికి మడిచి, చుట్టూరా బిగించి పట్టుకున్నాడు వాడు. బాపు తన దస్తీ తీసేసి, పెదవులు రెండూ లోపలికి మడిచి, అట్లాగే పెట్టి చూశాడు. పెద్ద మనిషి ముఖం ఉన్నట్టుండి అట్లా మారేసరికి పిల్లవాడు సీసా వదిలేసి ఏడుపు అందుకున్నాడు. అప్పుడు సీసా వచ్చింది.

అవ్వ మాటతో ఒప్పుకోవడానికి ఆయనకు ఎప్పుడూ ఒకటి రెండు రోజులు పట్టేది. తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే క్లార్నెట్ పెట్టె లేదు, బాపూ లేడు. వెతుక్కుంటూ పోతే గూడ్స్ షెడ్డు వెనక, విరిగిన వ్యాగన్ల మధ్య దొరికాడు. ఇంట్లో ఊదితే గల్లీ అంతా వింటుంది. ఇక్కడైతే షంటింగ్ ఇంజన్ల చప్పుడులో ఏదీ వినపడదని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పింది. బాపు ఒక్క సుర్ పట్టుకొని ఊదితే, అది కాసేపు వణికి, కీచుమని పోయేది. అవతలి పట్టాల మీద ఉన్న ఇంజన్ డ్రైవరు దానికి జవాబుగా కూత వేసేవాడు. బాపు మళ్ళీ ఊదేవాడు. ఇంజను మళ్ళీ కూసేది. మొదట్లో బాపు ఆ డ్రైవరును తిట్టాడు. తర్వాత, "ఆ ఇంజను సుర్ నా దానికంటే మంచిగున్నది" అని ఒప్పుకున్నాడు.

నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఆ రోజులు నవ్వులాట కాదు. చిగుళ్ళ పుండ్లు మానకముందే వాటి మీద పెదవి మడిచి బిగిస్తే పెదవులు లోపల చీలిపోయాయి. ఇంటికి వచ్చేసరికి దస్తీ ఎర్రగా ఉండేది. కారం ముట్టలేడు, తొక్కు ముట్టలేడు. అవ్వ జొన్న గట్క పల్చగా చేసి, మజ్జిగ పోసి ఇచ్చేది. వరంగల్‌లో పది మంది శిష్యులకు నేర్పిన మనిషి, మొదటి రోజు వచ్చిన వాడికి ఇచ్చే పాఠం దగ్గర, అంటే ఒకే ఒక్క సుర్‌ను నిలబెట్టే దగ్గర, వారాల కొద్దీ ఆగిపోయాడు. అది నిలిచేది కాదు. నేను పక్కన కూర్చొని నీళ్ళ చెంబు అందించడం తప్ప చేసింది లేదు. ఉదాహరణలు మళ్ళీ చెప్పలేదు.

ఒకనాడు బియ్యం బస్తాలు దింపి చెమట తుడుచుకుంటూ ఎల్లస్వామి వ్యాగన్ల వెనకకు వచ్చాడు. మమ్మల్ని చూసి నిలబడిపోయాడు.

"మీరా మాస్టర్! రోజు వింటాన. మేకపిల్ల తప్పిపోయొచ్చి అరుస్తాందేమో, పట్టుకపోయి ఓనరుకు ఇద్దామని వచ్చిన."

అని నాలుక కరుచుకున్నాడు. నేను బాపు చెయ్యి దిక్కు చూశాను. వెనకటి రోజులైతే ఆ చెయ్యి లేచేది.

"మేకపిల్లే. కూసో" అన్నాడు బాపు.

ఎల్లస్వామి కూర్చున్నాడు, చెయ్యి అందనంత దూరంలో. బాపు మౌత్‌పీసు తుడుస్తూ అడిగాడు.

"ఎల్లస్వామీ, ఆనాడు నీ టోపీ మీద కొట్టిన గదా. బాగ నొచ్చిందా?"

"ఏ, బ్యాండు టోపీ మందముంటది మాస్టర్. దెబ్బ తెల్వనే తెల్వలే."

"మరి ఎందుకు మళ్ళ రాలేదు?"

ఎల్లస్వామి కాలి బొటనవేలుతో కంకర కదిపాడు. "కొట్టినంక మీరు నవ్విండ్రు. మా ఇంటామె అక్కడ్నే నిలవడి చూస్తాంది. కొత్తగ కాపురానికి వచ్చింది అప్పుడు. నేను పెద్ద మాస్టర్‌నైత అని చెప్పి తోల్కొచ్చుకున్న."

బాపు చాలాసేపు మౌత్‌పీసు తుడిచాడు. అది అప్పటికే మెరుస్తున్నది.

"డ్రమ్ము మీద నా పండ్లు పడ్డ నాడు మీరెవ్వలు నవ్వలే" అన్నాడు.

"రాజమల్లన్న ఇంటికి పోయినంక నవ్విండట మాస్టర్. అన్నం తినుకుంట నవ్వితే పొరవోయిందట."

బాపు నోరంతా తెరిచి నవ్వాడు. పండ్లు పోయినంక ఆయన దస్తీ లేకుండా నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ నవ్వు బాగుంది, చిన్నపిల్లవాడి నవ్వు లెక్క. తర్వాత ఎల్లస్వామితో, "రేపటి నుంచి నీ క్లార్నెట్ తెచ్చుకో. నువ్వు సుర్ పట్టు, నేను దాన్ని అందుకుంట" అన్నాడు.

"నేను మీకు సుర్ ఇచ్చుడా?"

"ఇంజను ఇస్తాంది. నువ్వు ఇస్తె తప్పేంది?"

ఆ తర్వాత ఇద్దరూ ఊదేవాళ్ళు. ఒకరు తప్పితే ఇంకొకరు ఆగేవాళ్ళు. బాపుకు వెనకటి వేగం రాలేదు. సినిమా పాటల్లో వేళ్ళు పరుగెత్తినా పెదవులు అందుకోలేకపోయేవి. అందుకని, ఇన్నేండ్లూ "వేళ్ళకు పని లేని పాటలు" అని పక్కన పెట్టిన చర్చి కీర్తనలు తీశాడు. అవి నెమ్మదిగా పోతాయి. నెమ్మదిగా పోతుంటే వాటిలో ఎంత పని ఉందో ఆయనకు అప్పుడు తెలిసినట్టుంది. ఒక్కొక్క సుర్ దగ్గర ఆగి, తల వంచి వినేవాడు.

అయినా పెండ్లిలో ఊదుతానని మాత్రం అనలేదు. "వ్యాగన్ల ముంగట ఊదుడు వేరు, వెంకట్రాజం ముంగట ఊదుడు వేరు" అనేవాడు.

పెండ్లి రోజు వచ్చింది. లిదియా అక్క తెల్ల చీర కట్టుకొని, అన్నట్టే మంచంలో కూర్చుంది. బ్యాండు వాకిట్లో నిలబడింది. బాపు ఎర్రకోటు తొడుక్కొని, బొత్తాలన్నీ పెట్టుకొని బయటికొచ్చి, "ఎల్లస్వామి ముంగట ఊదుతడు, నేను పక్కన నడుస్త" అన్నాడు.

"క్లార్నెట్ పట్టుకొనా, ఉత్త చేతులతోనా?" అంది అక్క మంచం మీది నుంచే.

"పట్టుకొని."

"అయితే చర్చి దాకా వస్త. లోపలికి పోయేది పోనిది అక్కడ చూస్త" అని లేచింది.

అట్లా సగం ఒప్పందంతో బయలుదేరాం. ఎల్లస్వామి ముందుండి బాగానే ఊదాడు. బాపు క్లార్నెట్‌ను చంటిపిల్ల లెక్క ఎత్తుకొని, నోటికి దస్తీ పెట్టుకొని, పక్కన నడిచాడు. చర్చి గేటు ముందర మగపెండ్లివాళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందర నీలం కోట్లతో తొర్రూరు బ్యాండు. వెంకట్రాజం బాపును చూడగానే క్లార్నెట్ దించి పిలిచాడు.

"సుందర్ రావు బావా! ఇయ్యాల ఉత్త కోటే వచ్చిందా, లోపల మనిషి గూడ వచ్చిండా?"

వాళ్ళ మనుషులు నవ్వారు. మా వాళ్ళు బాపు దిక్కు చూశారు. బాపు దస్తీ తీయలేదు.

వెంకట్రాజం మొదలుపెట్టాడు. ఆ ఏడు ప్రతి పెండ్లిలో మోగిన సినిమా పాట. వేళ్ళు కనపడకుండా ఊదాడు. డ్రమ్ములు దడదడలాడాయి. మగపెండ్లివాళ్ళ పోరగాండ్లు దుమ్ము లేపారు. పాట ముగించకుండానే ఇంకో పాటలోకి దూకాడు, దాంట్లోంచి ఇంకోదాంట్లోకి. ఎల్లస్వామి జవాబు అందుకున్నాడు, కొంత దూరం పోయాడు, వెంకట్రాజం ముఖం చూశాడు, తడబడ్డాడు. వేళ్ళు చిక్కుపడ్డాయి. పాట ఆగిపోయింది.

ఆగిందంటే మేమే అడుగు ముందుకు వెయ్యాలి. తొర్రూరు వాళ్ళు పాట ఆపి "రాండ్రి, రాండ్రి!" అని చప్పట్లు కొట్టారు. ఎల్లస్వామి తల దించుకున్నాడు. వాళ్ళ ఇంటామె మా ఆడవాళ్ళ గుంపులోనే ఉంది. బాపు ఆమె దిక్కు చూడడం నేను చూశాను.

దస్తీ జేబులో పెట్టుకున్నాడు. పెదవులు రెండూ లోపలికి మడిచి క్లార్నెట్ అందుకున్నాడు.

ఊదాడు గానీ ఎవరికీ వినపడలేదు. రాజమల్లు పెద్ద డ్రమ్మును అలవాటు ప్రకారం బాదుతున్నాడు. బాపు చెయ్యి ఎత్తాడు. రాజమల్లు ఇంకా గట్టిగా కొట్టమన్నాడేమోనని గట్టిగా కొట్టాడు. బాపు పోయి డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టాడు.

"నేనేం తప్పు చేసిన మాస్టర్?"

"ఏం చెయ్యలే రాజమల్లూ. జర ఊకో."

పెండ్లి బ్యాండులో డ్రమ్ములు ఊరుకోవడం నేను అంతకుముందు చూడలేదు. చెవులకు కొత్తగా ఉంది. రోడ్డు మీద రిక్షా గంట, ఎవరో పిల్ల పట్టీలు, అన్నీ వినపడ్డాయి. ఆ నిశ్శబ్దంలో బాపు కీర్తన మొదలుపెట్టాడు. వెనకటి రోజుల్లో ఆయన క్లార్నెట్ మోత చౌరస్తా దాకా పోయేది. ఇది అట్లా పోదు. దగ్గరికి వస్తే తప్ప వినపడదు. మనిషి చెవి దగ్గర మాట్లాడినట్టు ఉంది. ముందు వరుసలో ఉన్నవాళ్ళు వింటున్నారు, వెనకవాళ్ళు "ఏందది, ఏందది" అని ముందుకు జరుగుతున్నారు. మగపెండ్లివాళ్ళు ఒక అడుగు వేశారు. మా వాళ్ళు ఒక అడుగు వేశారు. ఎవరు ముందు వేశారో పంతం పట్టిన పెద్దమనుషులకు కూడా తెలియలేదు. కాసేపటికి చూస్తే ఎర్రకోట్లు, నీలం కోట్లు కలిసిపోయి బాపు చుట్టూ గుంపుగా ఉన్నాయి.

అప్పుడు కీచుమంది.

చిన్న కీచు కాదు. గూడ్స్ షెడ్డు కీచే. నీలం కోటు వాడొకడు ఫక్కున నవ్వాడు. వాడితో ఇంకో నలుగురు. లిదియా అక్క అవ్వ చెయ్యి పట్టుకుంది. బాపు క్లార్నెట్ నోట్లోంచి తీశాడు. అందరినీ ఒకసారి చూశాడు.

"గది నాదే" అన్నాడు. "వీళ్ళనెవ్వల్ని ఏమనకుండ్రి."

అని, చిగుళ్ళన్నీ కనపడేటట్టు నవ్వి, ఆగిన చోటి నుంచి అందుకున్నాడు. ఈసారి కంటితో ఎల్లస్వామిని పిలిచాడు. ఎల్లస్వామి కింది సుర్ పట్టాడు. రోజూ వ్యాగన్ల వెనక పట్టినట్టే పట్టాడు. దాని మీద బాపు నడుచుకుంటూ పోయాడు. మధ్యలో ఎల్లస్వామి కూడా ఒకచోట తప్పి, భయంతో కండ్లు మూసుకున్నాడు. బాపు ఆగలేదు. ఆ సుర్ దగ్గర తనే కొంచెం నెమ్మదించి, వాడు వచ్చి కలిసే దాకా చూసి, ఇద్దరూ కలిసి ముందుకు పోయారు.

పాట అయిపోయినా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని తోచినట్టు లేదు. లిదియా అక్క ముక్కు ఎగబీలుస్తూ, "ఇగ లోపలికి పోదాం" అంది. మమ్మల్ని కోప్పడడానికి గేటు దాకా వచ్చిన పాస్టరయ్య, గేటు రెండు రెక్కలూ తెరిచి పట్టుకున్నాడు. వెంకట్రాజం టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

"బావా, ఆ పండ్లు యాడ పోగొట్టుకున్నవో జర చెప్పు. నేను గూడ పోయి పోగొట్టుకొనొస్త."

"పోవుడు అల్కటి పని బావా" అన్నాడు బాపు, బిడ్డ చెయ్యి పట్టుకుంటూ. "తర్వాతిదే ఉన్నది అసలు పని."

"తర్వాత ఏమున్నది?"

"సోమారం పొద్దుగాల గూడ్స్ షెడ్డు కాడికి రా, చూపెడుత. క్లార్నెట్ తెచ్చుకో. పండ్లు ఇంట్ల పెట్టి రా."